కర్సర్ మెరుస్తోంది, కెర్నల్ రావట్లేదు
పాత వర్క్‌స్టేషన్లు, కొత్త బూట్‌లోడర్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం, ఇంకా తయారీలోనే ఉన్న బూట్‌లోడర్లను (యంత్రం ఆన్ కాగానే ఓఎస్ కెర్నల్‌ను మెమరీలోకి తెచ్చే చిన్న ప్రోగ్రామ్‌లను) పాత యంత్రాల మీద పరీక్షిస్తున్నవారివి. హెక్సాడెసిమల్ (16 ఆధారంగా లెక్కించే) సంఖ్యల ముందు ‘హెక్స్’ అని రాశాం; పీసీ జవాబుల్లో ఇంటరప్ట్, రిజిస్టర్, చిరునామా, పోర్ట్ విలువలు ఆ మాట లేకున్నా హెక్సే, ‘డెసిమల్’ అన్నచోట తప్ప.

ప్రశ్న: నేను రాసుకున్న బూట్‌లోడర్ క్యూఎములో (యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామ్‌లో) చక్కగా నడుస్తోంది. అదే ఇమేజ్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, బయోస్ (పీసీ ఆన్ కాగానే నడిచే ఫర్మ్‌వేర్) మాత్రమే ఉన్న పాత రెండు జియాన్ల వర్క్‌స్టేషన్‌కి పెడితే ఎడమ మూలన కర్సర్ మెరుస్తూ ఉండిపోతోంది. ఒక్క అక్షరం కూడా రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: బయోస్ అసలు మీ కోడ్‌లోకి దూకిందా లేదా అన్నది ముందు తేల్చుకోండి. పూర్తి బూట్‌లోడర్ పక్కన పెట్టి, ఒకే ఒక్క సెక్టర్ (512 బైట్లు) ఇమేజ్ తయారుచేయండి. అందులో ఇంటరప్ట్ (బయోస్ సేవను పిలిచే దారి) హెక్స్ 10, ఏహెచ్ రిజిస్టర్‌లో హెక్స్ 0ఇ తో ‘ఎ’ అక్షరం ముద్రించడం, ఆ తర్వాత హాల్ట్ లూప్, అంతే. 510, 511 బైట్లలో హెక్స్ 55, ఏఏ ఉన్నాయో లేదో హెక్స్ డంప్‌లో కళ్లారా చూసుకోండి.

ఆ అక్షరం కూడా రాకపోతే అనుమానం పెన్‌డ్రైవ్ ఎమ్యులేషన్ మీదికి పోవాలి. పాత బయోస్‌లలో కొన్ని పెన్‌డ్రైవ్‌ను ఫ్లాపీ అనుకోవాలా, హార్డ్ డిస్క్ అనుకోవాలా అన్నది పార్టిషన్ టేబుల్ చూసి నిర్ణయిస్తాయి. 446వ బైట్ నుంచి మొదలయ్యే ఆ 64 బైట్లూ సున్నాలైతే ఫ్లాపీ అనుకుంటాయి, లేదా అసలు పట్టించుకోవు. కాబట్టి ఒక పార్టిషన్ రాసి, దానికి హెక్స్ 80 అనే యాక్టివ్ గుర్తు పెట్టండి. రెండో చిక్కు ఇంతకంటే చెడ్డది. పెన్‌డ్రైవ్‌ను ఫ్లాపీగా తీసుకున్న కొన్ని బయోస్‌లు, సెక్టర్‌ను మెమరీలోకి తెచ్చాక, ఫ్యాట్ ఫైల్‌సిస్టమ్ వివరాలు ఉండాల్సిన చోట తమ అంకెలు రాసేస్తాయి. మీ కోడ్ నాలుగో బైట్ నుంచే మొదలైతే దాని మధ్యలో చెత్త పడుతుంది. మొదటి మూడు బైట్లలో షార్ట్ జంప్, ఒక నాప్ (ఏమీ చేయని ఇన్‌స్ట్రక్షన్) పెట్టి, 62వ బైట్ దాకా ఖాళీ వదిలి అక్కడ కోడ్ మొదలుపెట్టండి. 90 దాకా వదిలితే ఫ్యాట్ 32 వివరాలకూ చోటు దొరుకుతుంది, ఇంకా నిశ్చింత.

‘ఎ’ వచ్చి అసలు బూట్‌లోడర్ మాత్రం ఆగిపోతుంటే రిజిస్టర్ల (ప్రాసెసర్ లోపలి గడుల) సంగతి చూడాలి. కోడ్ మెమరీలో హెక్స్ 7సి00 దగ్గరే ఉంటుంది, కానీ సీఎస్ సున్నా, ఐపీ 7సి00 గా వస్తుందని హామీ లేదు. సీఎస్‌లో 07సి0, ఐపీలో సున్నా పెట్టి దూకే బయోస్‌లూ ఉన్నాయి. మొదటి పనిగా ఫార్ జంప్ చేసి సీఎస్‌ను సున్నా చేసుకోండి. తర్వాత డీఎస్, ఈఎస్, ఎస్‌ఎస్‌లను సున్నా చేసి, ఎస్‌పీలో 7సి00 పెట్టి, సీఎల్‌డీ ఇన్‌స్ట్రక్షన్ ఇవ్వండి. డీఎల్‌లో బయోస్ ఇచ్చిన డ్రైవ్ నంబర్‌ను వెంటనే దాచుకోండి. హెక్స్ 80 అని కోడ్‌లో నేరుగా రాసేసినవారు, లోపల ఇంకో డిస్క్ ఉన్న యంత్రంలో ఆ డిస్క్‌ని చదివి తికమకపడుతుంటారు.

డిస్క్ చదివే ముందు ఇంటరప్ట్ హెక్స్ 13 లో ఏహెచ్ 41, బీఎక్స్ 55ఏఏ తో, సెక్టర్ నంబర్‌తో చదివే పద్ధతి ఉందా అని అడగండి. క్యారీ లేకుండా బీఎక్స్ ఏఏ55 గా తిరిగొస్తేనే ఆ పద్ధతి, అంటే ఏహెచ్ 42, వాడండి. ఒక్కో పిలుపులో 127 సెక్టర్లకు మించి అడగొద్దు. 32 చొప్పున అడిగినా పోయేదేమీ లేదు. 41 కుదరకపోతే ఏహెచ్ 08 తో జామెట్రీ అడిగి, పాత సిలిండర్-హెడ్-సెక్టర్ పద్ధతిలో చదవాలి. అప్పుడు బఫర్ 64 కేబీ హద్దు దాటకుండా చూసుకోవాలి. నిజమైన ఫ్లాపీ అయితే మోటార్ వేగం అందుకునేలోపు మొదటిసారి తప్పు రావడం మామూలే. మధ్యలో రీసెట్ ఇస్తూ మూడుసార్లు ప్రయత్నించండి.

ఇంకొకటి: క్యూఎములో మెమరీ సున్నాలతో మొదలవుతుంది. నిజమైన యంత్రంలో బయోస్ వాడి వదిలేసిన చెత్త ఉంటుంది. సీ భాషలో రాసిన రెండో దశ ఉంటే దాని బీఎస్‌ఎస్ భాగాన్ని (మొదటి విలువ ఇవ్వని వేరియబుళ్ల చోటును) మీరే సున్నా చేయాలి.

ప్రశ్న: తెర మీద ఏమీ రానప్పుడు సీరియల్ పోర్ట్ వాడమంటారు. నా దగ్గర మైక్రోకంట్రోలర్ బోర్డులకు తగిలించే 3.3 వోల్టుల యూఎస్‌బీ-సీరియల్ ముక్క ఉంది. సరిపోతుందా?

జవాబు: సరిపోదు. తగిలించొద్దు కూడా, కాలిపోతుంది. వర్క్‌స్టేషన్ వెనకున్నది ఆర్‌ఎస్-232 పోర్ట్. అందులో సంకేతాలు సున్నాకు అటూ ఇటూ, ప్లస్ వైపూ మైనస్ వైపూ, 3 నుంచి 15 వోల్టుల మధ్య ఊగుతాయి. యూఎస్‌బీ నుంచి ఆర్‌ఎస్-232 కి మార్చే అడాప్టర్, దానికి తోడు నల్ మోడెమ్ కేబుల్ (ఒక వైపు పంపేది రెండో వైపు అందుకునేలా కలిపినది) కావాలి.

కేబుల్ మీరే చేసుకోవచ్చు, మూడు వైర్లు చాలు. రెండు వైపులా 9 పిన్నులైతే 2ను 3కీ, 3ను 2కీ, 5ను 5కీ కలపాలి. సన్ అల్ట్రా 5, 10లలో ‘ఎ’ అనే సీరియల్ పోర్ట్ 25 పిన్నులది. చాలామంది తడబడేది ఇక్కడే. 25 పిన్నుల కనెక్టర్‌లో పంపేది 2, అందుకునేది 3, గ్రౌండ్ 7. తొమ్మిది పిన్నుల దాంట్లో అందుకునేది 2, పంపేది 3, గ్రౌండ్ 5. అందువల్ల 25 నుంచి 9కి నల్ మోడెమ్ కట్టేటప్పుడు 2ను 2కీ, 3ను 3కీ నేరుగా కలిపి, 7ను 5కి కలపాలి. అడ్డంగా మార్చి కలిపితే రెండు వైపులా మౌనమే.

వేగం 9600, 8 బిట్లు, పారిటీ లేదు, ఒక స్టాప్ బిట్. టెర్మినల్ ప్రోగ్రామ్‌లో హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ ఆపేయండి. మినికామ్‌లో అది సాధారణంగా ఆన్‌లోనే ఉంటుంది. మూడు వైర్ల కేబుల్‌తో అలా వదిలేస్తే అటునుంచి వచ్చేవి కనిపిస్తాయి గానీ మీరు కొట్టేవి అటు పోవు.

పీసీ తరహా యంత్రంలో మీ కోడ్ నుంచి రాయాలంటే మొదటి పోర్ట్ సాధారణంగా హెక్స్ 3ఎఫ్8. కచ్చితమైన చిరునామా మెమరీలో హెక్స్ 400 దగ్గర బయోస్ రాసి ఉంచుతుంది. 3ఎఫ్‌బి లో 80 రాసి, 3ఎఫ్8 లో 12 (డెసిమల్), 3ఎఫ్9 లో సున్నా పెట్టి, మళ్లీ 3ఎఫ్‌బి లో 03 రాస్తే 9600 కుదురుతుంది. ప్రతి అక్షరానికి ముందు 3ఎఫ్‌డి లో హెక్స్ 20 బిట్ లేచేదాకా ఆగండి. బూట్‌లోడర్‌లో ఒక్కో దశ దాటగానే ఒక్కో అక్షరం పంపండి. ఆఖరున కనిపించిన అక్షరమే మీరు ఎక్కడ ఆగారో చెబుతుంది.

ప్రశ్న: సన్ అల్ట్రా 10 మీద కొత్త స్పార్క్ 64 బూట్‌లోడర్‌ను నెట్‌వర్క్ నుంచి పరీక్షిస్తున్నాను. ‘బూట్ నెట్’ కొడితే మొదట ‘టైమౌట్ వెయిటింగ్ ఫర్ ఆర్ప్/రార్ప్ ప్యాకెట్’ వచ్చేది. అది ఎలాగో పోయాక ‘ద ఫైల్ జస్ట్ లోడెడ్ డజ్ నాట్ అపియర్ టు బి ఎగ్జిక్యూటబుల్’ అంటోంది. ఇంకో బిల్డ్‌తో ‘ఫాస్ట్ డేటా యాక్సెస్ ఎంఎంయూ మిస్’ వచ్చి ఓకే ప్రాంప్ట్ దగ్గరికి తిరిగొస్తోంది.

జవాబు: మూడూ మూడు వేర్వేరు దశల ఫిర్యాదులు. అంటే మీరు ముందుకే పోతున్నారు.

మొదటిది ‘ఎలాగో’ పోయిందన్నారు కాబట్టి మళ్లీ రావచ్చు. ఓపెన్‌బూట్ (సన్ యంత్రాల ఫర్మ్‌వేర్) తన ఈథర్నెట్ చిరునామా చెప్పి ఐపీ అడిగేది రార్ప్ అనే ప్రోటోకాల్ ద్వారా. ఆ ప్యాకెట్ రౌటర్ దాటదు, సర్వర్ అదే వైర్ మీద ఉండాలి. మధ్యలో స్పానింగ్ ట్రీ (నెట్‌వర్క్‌లో లూప్‌లను ఆపే పద్ధతి) నడిపే స్విచ్ ఉంటే, లింక్ వచ్చాక పోర్ట్ తెరుచుకోవడానికి అర నిమిషం దాకా పడుతుంది. ఈలోపు టైమౌట్లు వస్తాయి. సాదా స్విచ్ వాడండి. ఐపీ దొరికాక యంత్రం టీఎఫ్‌టీపీలో (ఫైళ్లు పంపే సాదా ప్రోటోకాల్‌లో) అడిగే ఫైల్ పేరు, ఆ ఐపీనే ఎనిమిది హెక్స్ అంకెల్లో, పెద్ద అక్షరాల్లో రాసినది. 192.168.1.10 అయితే సి0ఏ8010ఏ. మీ ఇమేజ్‌కి ఆ పేరుతో లింక్ పెట్టండి. సర్వర్‌లో టీసీపీడంప్ నడిపితే ఏ పేరు అడుగుతోందో నేరుగా కనబడుతుంది.

రెండోది ఫైల్ ఫార్మాట్ గొడవ. సందేశం వచ్చాక ఓకే దగ్గర ‘లోడ్-బేస్ 20 డంప్’ కొట్టండి. గుర్తుపట్టలేని ఫైల్ అక్కడే, సాధారణంగా హెక్స్ 4000 దగ్గర, ఉన్నదున్నట్టు ఉంటుంది. 7ఎఫ్ 45 4సి 46 తో మొదలైతే అది ఎల్ఫ్ ఫార్మాట్. పాత ఏ.అవుట్ ఫార్మాట్ కావాలంటే మొదటి నాలుగు బైట్లు 01 03 01 07 ఉండాలి. ఏ ఓపెన్‌బూట్ వెర్షన్ ఎల్ఫ్ తీసుకుంటుందో లెక్కలు కట్టే బదులు ఎల్ఫ్‌టుఏఅవుట్‌తో మార్చి పంపడం మేలు, పాతవీ కొత్తవీ అన్నీ ఒప్పుకుంటాయి. డంప్‌లో బైట్లు జంటలుగా తారుమారై కనిపిస్తే మీ బిల్డ్‌లో ఎండియన్ (బైట్ల వరస) తప్పింది.

మూడోదాని అర్థం, మ్యాప్ చేయని చిరునామాను మీ కోడ్ ముట్టుకుందని. ఓపెన్‌బూట్ తను మ్యాప్ చేసిన మేరకే మీకిస్తుంది. ఇంకా కావాలంటే క్లెయిమ్ చేసి, మ్యాప్ చేయించుకోవాలి. ‘.రిజిస్టర్స్’ కొట్టి పీసీ (ప్రోగ్రామ్ కౌంటర్) విలువ చూసి, ఎన్‌ఎం కమాండ్ ఇచ్చే చిరునామాల జాబితాలో ఏ ఫంక్షనో పట్టుకోండి. మొదటి పది ఇన్‌స్ట్రక్షన్ల లోపే పడిపోతే ఓ4 రిజిస్టర్ చూడండి. ప్రోగ్రామ్ మొదలైనప్పుడు క్లయింట్ ఇంటర్‌ఫేస్ చిరునామా అందులో ఉంటుంది, దాచుకోకముందే తుడిచేస్తే ఆ తర్వాత ఫర్మ్‌వేర్‌ని పిలిచే దారి లేదు. ఆ ఇంటర్‌ఫేస్‌కు ఇచ్చే పట్టికలో ప్రతి గడీ 64 బిట్లు. 32 బిట్ల యంత్రానికి రాసిన కోడ్‌ను తెచ్చి పెట్టినప్పుడు ఇది తప్పుతుంది. స్టాక్ బయాస్ 2047 మరిచిపోతే ‘మెమరీ అడ్రస్ నాట్ అలైన్డ్’ వస్తుంది. ఎస్‌పీకి 2047 కలిపితే వచ్చేది 16 తో భాగింపబడాలి.

పరీక్షలు చేసేటప్పుడు ‘ఆటో-బూట్?’ ను ఫాల్స్ చేసి పెట్టుకోండి. ప్రతి ప్రయత్నానికి ముందు ‘రీసెట్-ఆల్’ కొట్టండి. పడిపోయిన ప్రోగ్రామ్ వదిలిన స్థితి మీద మళ్లీ బూట్ చేస్తే వచ్చే తప్పులు మీ కోడ్‌వి కావు, వాటి వెంట పడితే రోజంతా పోతుంది.

ప్రశ్న: అలాంటి యంత్రమే. ఆన్ చేయగానే ఐడీప్రామ్ (యంత్రం గుర్తింపు సమాచారం) చెల్లదంటోంది, ఈథర్నెట్ చిరునామా మొత్తం ఎఫ్‌ఎఫ్‌లు. నెట్ బూట్ కుదరడం లేదు.

జవాబు: ఎన్‌వీరామ్ (సెట్టింగులు దాచే) చిప్ లోపలి బ్యాటరీ అయిపోయింది. అల్ట్రా 10లో అది ఎం48టీ59వై, సాకెట్‌లో ఉంటుంది. శాశ్వత పరిష్కారం కొత్త చిప్, లేదా పాతదాని పైభాగం జాగ్రత్తగా గీరి, లోపలి సెల్‌ను విడదీసి, బయట 3 వోల్టుల బటన్ సెల్ కలపడం. పరీక్షలకు మాత్రం ఓకే ప్రాంప్ట్ దగ్గరే సర్దుకోవచ్చు. ‘విలువ స్థానం ఎంకేపీ’ అనే వరసలో, అన్నీ హెక్స్‌లోనే, ఒక్కో బైట్ రాయాలి. 0వ స్థానంలో 1, 1లో 80, 2 నుంచి 7 దాకా ఈథర్నెట్ చిరునామా (సన్ యంత్రాలది 8, 0, 20 తో మొదలవుతుంది, తక్కినవి మీ ఇష్టం), 8 నుంచి బి దాకా సున్నాలు, సి, డి, ఇ లలో హోస్ట్ ఐడీ, ఎఫ్‌లో ముందున్న 15 బైట్ల ఎక్సార్. ఆ తర్వాత రీసెట్-ఆల్. కరెంటు తీసేస్తే మళ్లీ మొదటికే. ఒకే నెట్‌వర్క్‌లో రెండు యంత్రాలకు ఒకే చిరునామా ఇవ్వకండి.

ప్రశ్న: ఎస్‌జీఐ ఇండీకి లినక్స్ సర్వర్ నుంచి బూట్‌పీ (నెట్ బూట్‌కు ఐపీ ఇచ్చే ప్రోటోకాల్) జవాబు అందుతోంది, టీఎఫ్‌టీపీ మొదలవగానే ఆగిపోతోంది. ఫైల్, అనుమతులు సరిగ్గానే ఉన్నాయి.

జవాబు: తప్పు ఇండీ ప్రామ్‌ది (దాని ఫర్మ్‌వేర్‌ది), తిప్పలు సర్వర్‌కి. సర్వర్ 32767 కు మించిన పోర్ట్ నుంచి జవాబిస్తే ఆ ప్రామ్ తీసుకోలేదు. సర్వర్‌లో ‘ఐపీ_లోకల్_పోర్ట్_రేంజ్’ ను 2048 నుంచి 32767 కి కుదించండి, ‘ఐపీ_నో_పీఎంటీయూ_డిస్క్’ ను 1 చేయండి. ప్రామ్‌లో పాత ‘నెట్‌అడ్రెస్’ విలువ ఏదైనా మిగిలి ఉంటే తీసేయండి. ఇవయ్యాక కూడా ఫైల్ వచ్చి నడవకపోతే ఎల్ఫ్ బదులు ఈకాఫ్ ఫార్మాట్‌లో ఇచ్చి చూడండి, పాత ప్రామ్‌లకు ఎల్ఫ్ తెలియదు.

ప్రశ్న: పీసీ తరహా పాత వర్క్‌స్టేషన్లు రెండున్నాయి. ఒకదాంట్లో కెర్నల్ లోడవుతోంది. స్కజీ కార్డు ఉన్న రెండోదాంట్లో, 1 ఎంబీ పైకి కాపీ చేస్తుండగా కొన్నిసార్లు రీబూట్, కొన్నిసార్లు బిగుసుకుపోవడం. మెమరీ చెడిందా?

జవాబు: మెమరీని అనుమానించేది ఆఖరున. ముందు ఏ20 (1 ఎంబీ పై మెమరీకి దారి తెరిచే చిరునామా గీత) చూడండి. 0000:0500 లో ఒక విలువ రాసి, ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌ఎఫ్:0510 లో అదే కనిపిస్తోందా చూడండి. విలువ మార్చి రెండోసారీ చూడాలి, మొదటిసారి కాకతాళీయం కావచ్చు. రెండుసార్లూ ఒకటే కనిపిస్తే ఏ20 మూసి ఉంది. క్యూఎములో అది తెరిచే వస్తుంది కాబట్టి ఈ లోపం అక్కడ ఎప్పటికీ బయటపడదు. తెరవడానికి మొదట ఇంటరప్ట్ 15, ఏఎక్స్ 2401. మళ్లీ పరీక్ష. కుదరకపోతే కీబోర్డ్ కంట్రోలర్: 64లో డి1, 60లో డిఎఫ్, ప్రతిసారీ బఫర్ ఖాళీ అయ్యేదాకా ఆగి. పోర్ట్ 92 ను చివరికి అట్టిపెట్టండి. అందులో 1వ బిట్ లేపేటప్పుడు 0వ బిట్ సున్నాగా ఉంచాలి, అది లేస్తే యంత్రం రీసెట్ అవుతుంది. మీరు చెప్పే రీబూట్లలో ఒకటి ఇదే కావచ్చు.

తర్వాత స్కజీ కార్డు. దాని రామ్ వర్క్‌స్పేస్‌ను ఆప్షన్ రోమ్ (కార్డు మీది బయోస్) 640 కేబీ పైఅంచు నుంచే కోసుకుంటుంది. మీ రెండో దశనో స్టాక్‌నో హెక్స్ 90000 పైన పెట్టుకుంటే బయోస్ దాన్ని తొక్కేస్తుంది, మీరు బయోస్ డేటాను తొక్కేస్తారు. ఇంటరప్ట్ 12 ఎన్ని కేబీ ఉందంటే అంతవరకే మీది.

‘ఈ820’ అనే మెమరీ పట్టిక (ఏ మెమరీ వాడుకోవచ్చో బయోస్ చెప్పేది) విషయంలో ప్రతి పిలుపుకీ ఈడీఎక్స్‌లో 534డి4150 మళ్లీ పెట్టండి, కొన్ని బయోస్‌లు దాన్ని చెరిపేస్తాయి. వరసలు క్రమంలో ఉండవు, ఒకదానిమీదొకటి పడతాయి, సున్నా పొడవువీ వస్తాయి. రెండు వరసలు తగాదా పడితే ‘వాడుకోవచ్చు’ అన్నదాన్ని కాదని రెండోదాన్నే నమ్మండి. బయోస్ సెటప్‌లో 15-16 ఎంబీ మెమరీ హోల్ ఆన్‌లో ఉందేమో కూడా చూడండి. పట్టిక చదవకుండా 1 ఎంబీ నుంచి వరసగా నింపుకుంటూ పోయే లోడర్ అక్కడ పడిపోతుంది.

ప్రశ్న: వేరేవాళ్లు రాస్తున్న బూట్‌లోడర్‌ని నా యంత్రాల మీద పరీక్షించి పంపుతానన్నాను. వాళ్లకు ఏమేం రాయాలి?

జవాబు: ఆన్ చేసినప్పటి నుంచి ఆగిపోయేదాకా మొత్తం సీరియల్ లాగ్, టెక్స్ట్‌గా. తెర ఫోటో అయితే, అలాంటి లాగ్ ఏదీ లేనప్పుడే. ఇమేజ్ షా-256 విలువ (ఫైల్‌ను గుర్తించే సంఖ్య) తప్పనిసరి, ఏ బిల్డో తేలకపోతే మిగతాదంతా వృథా. యంత్రం మోడల్‌తోపాటు ఫర్మ్‌వేర్ వెర్షన్, తేదీ కావాలి: సన్‌లో ‘.వెర్షన్’, ‘బ్యానర్’, ఆల్ఫాలో ‘షో వెర్షన్’, ‘షో కాన్ఫిగ్’. స్లాట్లలో ఏ కార్డులు ఉన్నాయో, ఏ దారిలో బూట్ చేశారో రాయండి.

చాలామంది వదిలేసేది, కోల్డ్ బూటా వార్మ్ బూటా అన్నది. రీసెట్ బటన్ నొక్కినప్పుడు ముందు నడిచిన ఓఎస్ వదిలిన మెమరీ, కార్డుల స్థితి చాలావరకు అలాగే ఉంటాయి. కరెంటు తీసి కాసేపాగి ఆన్ చేస్తే వేరే కథ. రెండూ విడివిడిగా చేసి, ఎన్నిసార్లకు ఎన్నిసార్లు నడిచిందో రాయండి. ‘కొన్నిసార్లు పనిచేస్తుంది’ అని పంపితే రాసినవారికి చేతికి ఏమీ చిక్కదు.

ప్రశ్న: డీఈసీ ఆల్ఫాలో ఎస్‌ఆర్‌ఎం (దాని ఫర్మ్‌వేర్) డిస్క్ నుంచి నా లోడర్ని ఎత్తుకోవట్లేదు. 55, ఏఏ పెట్టాను.

జవాబు: ఎస్‌ఆర్‌ఎంకి వాటితో పనిలేదు. సెక్టర్ 0 లో 480వ బైట్ దగ్గర లోడర్ ఎన్ని సెక్టర్లో, 488 దగ్గర ఎక్కడ మొదలవుతుందో, 496 దగ్గర ఫ్లాగులు (సున్నా), 504 దగ్గర చెక్‌సమ్, అన్నీ 64 బిట్ల సంఖ్యలు. చెక్‌సమ్ అంటే ముందున్న 63 సంఖ్యల కూడిక. లోడర్ వర్చువల్ చిరునామా హెక్స్ 20000000 కి వస్తుంది, దానికే లింక్ చేయండి.

ప్రశ్న: నెట్‌వర్క్, పెన్‌డ్రైవ్ దారులు రెండూ నడిచాయి. ఇక డిస్క్ మీదికి ఎక్కించొచ్చా? అందులో యంత్రంతో వచ్చిన పాత ఓఎస్ ఉంది.

జవాబు: ఆ డిస్క్ మీదికి వద్దు, అసలుకే ఎసరు. దాన్ని విప్పి, పేరు రాసి పక్కన పెట్టండి. పరీక్షకు వేరే డిస్క్ తగిలించండి. ఐడీఈ అయితే కాంపాక్ట్‌ఫ్లాష్ అడాప్టర్ చాలు. స్కజీ అయితే ఐడీ నంబర్ ఇంకోదానితో కలవకుండా, టర్మినేటర్ స్కజీ తీగ రెండు చివర్లా మాత్రమే ఉండేలా చూడండి. విప్పే ముందు పాత డిస్క్ మొత్తాన్ని డీడీతో (ఉన్నదున్నట్టు కాపీ చేసే కమాండ్‌తో) ఇమేజ్ తీసి పెట్టుకుంటే మరీ మంచిది, ఆ వయసు డిస్క్‌లు మళ్లీ తిరుగుతాయో లేదో.

రాసేటప్పుడు పరిమాణం సరిచూసుకోండి. పీసీ డిస్క్‌లో మొదటి సెక్టర్‌కు కోడ్ మాత్రమే మార్చాలంటే డీడీకి 446 బైట్లే ఇవ్వాలి. 512 ఇస్తే పార్టిషన్ టేబుల్ పోతుంది. సన్ డిస్క్‌లో సెక్టర్ 0 ను అసలు ముట్టుకోవద్దు, అది లేబుల్. 508వ బైట్ దగ్గర డిఏబిఇ అనే గుర్తు, చివరి రెండు బైట్లలో ఎక్సార్ చెక్‌సమ్ ఉంటాయి. అవి చెడితే ‘బ్యాడ్ మ్యాజిక్ నంబర్ ఇన్ డిస్క్ లేబుల్’ అంటుంది. బూట్ బ్లాక్ చోటు ఆ పక్కనున్న 1 నుంచి 15 సెక్టర్లు, మొత్తం 7680 బైట్లు. డీడీలో 512 బ్లాక్ సైజుతో ‘సీక్’ 1 పెట్టి రాయండి, ఫైల్ అంతకు మించిందేమో ముందే చూసుకోండి. మించితే 16వ సెక్టర్ నుంచి మొదలయ్యే ఫైల్‌సిస్టమ్ మీద పడుతుంది.